పెరుగుమను ఆజ్ఞయు, రాచపుండును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయము వెలసి ఇరువదియైదు వత్సరములు నిండినవి. తొలినాళ్ల బీరువాలలో పురాణములును, ప్రబంధములును, నవలలును మెండుగా నుండెను. శాస్త్రగ్రంథములు తరువాత ఒక్కటొక్కటిగా వచ్చి చేరినవి. ఈ ఉత్సవమున నేను రాచపుండును గూర్చి మాటలాడెదనని చెప్పినపుడు కొందరు మిత్రులు, "శుభమా యని ఉత్సవము జరుగుచుండగా ఆ మాట యెందుకండీ?" అనిరి. ఆ ప్రశ్నయే ఈ ఉపన్యాసమునకు కారణము.

మన ఊళ్లలో ఈ వ్యాధి పేరు నోట పలుకుటకు జంకుదురు. గొంతు తగ్గించి "ఆ జబ్బు" అందురు. రోగికి గ్లాసును, కంచమును వేరు చేయుదురు. పెండ్లి కెదిగిన పిల్లలున్న ఇంట తల్లికి రొమ్మున గడ్డ లేచినచో, సంబంధములు తప్పిపోవునేమో యని ఆ తల్లి దానిని పైట చాటున దాచుకొనును. పూర్వజన్మ పాపమని కొందరు, చేతబడి యని కొందరు, అంటురోగమని మరికొందరు తలంతురు. ఇట్లు దాచిన దినములన్నియు వ్యాధి ఖాతాకే జమ యగుచుండును. రోగి ఖాతాలో ఖర్చు వ్రాయబడుచుండును.

కావున నేను చెప్పదలచినది ఒక్కటే. రాచపుండు వెలుపలినుండి వచ్చి పట్టిన భూతము కాదు, శాపము కాదు. మన దేహమును పెంచి పోషించు ఆజ్ఞయే, పని ముగిసిన తరువాతను ఆగక మ్రోగుచుండుట వలన కలుగు వికారము. ఆ ఆజ్ఞ ఏమి, అది ఎట్లు చేరును, ఎట్లు ఆగును, ఎచ్చట చెడును అను సంగతులను లోకము గడచిన నూరు వత్సరములలో ఎట్లు తెలిసికొన్నదో మనవి చేసెదను.

మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని ఎరుగని వారు కారు. సుశ్రుతసంహిత నిదానస్థానమున గ్రంథి, అపచి, గలగండములతో పాటు అర్బుదము వర్ణింపబడినది. గుండ్రనిదై, కదలనిదై, లోతుగా వేరు పాతినదై, మెల్లగా పెరుగునదై, స్వల్పమైన నొప్పి మాత్రమే కలదై, తక్కిన పుండ్లవలె చీము పట్టక యుండు మాంసపు ఉబ్బు అర్బుదమని అందు చెప్పబడినది. ఉన్న అర్బుదము మీద మరియొకటి పుట్టినచో దానికి అధ్యర్బుదమని పేరు. చికిత్సాస్థానమున మరియొక హెచ్చరిక కలదు: అర్బుదమును తీసివేయునపుడు లేశమైనను మిగిల్చినచో అది మరల పుట్టి, ఆరక మిగిలిన నిప్పువలె రోగిని దహించునట. శస్త్రవైద్యులు నేటికిని ఆ సూత్రమునే పాటించుచున్నారు. గ్రీకు వైద్యులు ఈ వ్యాధికి ఎండ్రకాయ యను అర్థము గల పేరు పెట్టిరి. క్యాన్సరు అను లాటిను పదమునకును అదియే అర్థము. మన జ్యోతిషములోని కర్కాటకమే అది.

ఆ పెద్దలు రూపమును చక్కగా చూచిరి. కాని ఆ మాంసము ఏల పెరుగుచున్నది, ఎవరు పెరుగుమనిరి అను ప్రశ్నకు సమాధానము చెప్పుటకు తగిన సాధనములు వారికడ లేవు. సూక్ష్మదర్శిని లేదు, రసాయన పరీక్షలు లేవు.

పెరుగుట స్వతః దోషము కాదు. మనమందరము తల్లి గర్భమున ఒక్క కణముగా మొదలైనవారము. ఆ ఒక్కటి రెండై, రెండు నాలుగై, నేడు ఒక్కొక్క మనుష్యుని దేహమున సుమారు 30 లక్షల కోట్ల కణములున్నవి. వామనమూర్తి త్రివిక్రముడై పెరిగిన కథ మనకు తెలియును. ఆ పెరుగుదల గొప్పతనము దాని పరిమాణమునందు మాత్రమే లేదు. మూడడుగుల పని తీరినంతనే ముగియుటయందును కలదు. మన దేహమునను ఇట్టిదే జరుగుచుండును. కోతల కాలమున కొడవలి తగిలి వ్రేలు తెగినదనుకొందము. రక్తము గడ్డకట్టును. రెండు మూడు దినములలో అంచులనుండి క్రొత్త చర్మము జరుగుచు వచ్చును. అంచులు రెండును కలిసికొన్నంతనే పెరుగుదల ఆగిపోవును. వ్రేలి మీద గుట్ట లేవదు. మొదలు పెట్టుమని ఎవరు చెప్పిరి? చాలునని ఎవరు చెప్పిరి?

ఈ ప్రశ్నకు మొదటి సమాధానము దొరకిన చోటు మిక్కిలి విచిత్రమైనది. ఇటలీ దేశమున ట్యూరిన్ నగరమందు 1909లో రీటా లెవీ మోంటాల్చీనీ అను ఆమె యూదుల కుటుంబమున జన్మించెను. ఆమె వైద్యము చదివి పరిశోధన చేయుచుండగా, 1938లో ఆ దేశపు ప్రభుత్వము యూదులకు విశ్వవిద్యాలయములలో స్థానము లేకుండ శాసనములు చేసెను. ఆమె చదువు మానలేదు. తన పడకగదినే ప్రయోగశాలగా చేసికొని, కుట్టుసూదులను సానపట్టి పనిముట్లుగా మార్చుకొని, కోడిగ్రుడ్లలోని పిండములయందు నరములు పెరుగు తీరును పరిశీలించెను. యుద్ధము ముగిసిన పిమ్మట, 1947లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమునకు వెళ్లి విక్టర్ హాంబర్గర్ అను శాస్త్రజ్ఞుని యొద్ద చేరెను.

అచ్చట ఆమె ఎలుక దేహమునుండి తీసిన ఒక క్యాన్సరు గడ్డ ముక్కను కోడిపిండమునందు ఉంచి చూచెను. పిండములోని నరములు ఆ గడ్డ వైపునకు విపరీతముగా పెరుగజొచ్చినవి. గడ్డ నరములను తాకకపోయినను అవి పెరిగినవి. అనగా గడ్డ నుండి ఏదియో ద్రవ్యము వెలువడి నరములకు "పెరుగుడు" అని చెప్పుచున్నదన్నమాట. 1952లో బ్రెజిల్ దేశపు రియో డి జనైరో నగరమున గాజుపాత్రలో ఆ ప్రయోగమును చేయగా, నరముల ముద్ద చుట్టును సూర్యబింబమునకు కిరణములవలె తంతువులు వెలువడినవి. మరుసటి సంవత్సరము స్టాన్లీ కోహెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆమెతో చేరెను. ఆ ద్రవ్యము పాము విషమునందును, మగ ఎలుక లాలాజల గ్రంథులయందును మెండుగా నున్నదని వారు కనుగొనిరి. కోహెన్ ఆ గ్రంథుల సారమును ఎలుక పిల్లలకు ఎక్కించి చూడగా, సాధారణముగా రెండు వారములకు తెరచు కన్నులు ఒక్క వారమునకే తెరచుకొన్నవి. చర్మమును పెంచు వేరొక ద్రవ్యము అందు కలదని గ్రహించి 1962లో దానిని వేరుపరచెను. ఇట్టి ద్రవ్యములకు వృద్ధికారకములని పేరు. ఈ ఇరువురికిని 1986లో నోబెల్ బహుమానము లభించినది.

గమనింపుడు. దేహమును పెంచు ఆజ్ఞ మొదట పట్టుబడినది క్యాన్సరు గడ్డయందే! వ్యాధికిని, వృద్ధికిని గల చుట్టరికము ఆనాడే బయటపడినది. తెగిన వ్రేలి ప్రశ్నకు కూడ 1974లో జవాబు వచ్చినది. గడ్డకట్టిన రక్తపు తేట కణములను పెంచుచున్నది. గడ్డకట్టని రక్తపు తేట పెంచుట లేదు. గాయము తగిలినచోట పగిలిన ప్లేట్‌లెట్లు అను రేణువులు తమలోని వృద్ధికారకమును విడుచుచున్నవని దీనివలన తేలినది. గాయమే ఆజ్ఞను పుట్టించును. గాయము మానినచో ఆజ్ఞ పుట్టదు.

ఇంక ఈ ఆజ్ఞ కణమునకు ఎట్లు చేరునో చెప్పెదను. మనకు తెలిసిన రీతిలో చెప్పవలెనన్న, కచేరీనుండి తాఖీదు తెచ్చిన బంట్రోతును తలచుకొనుడు. వృద్ధికారకము బంట్రోతు. అది కణము లోనికి పోదు, వాకిటనే నిలుచును. వాకిట గ్రాహకము అను కావలివాడు ఉండును. వీని తల గోడ వెలుపలను, కాళ్లు గోడ లోపలను ఉండును. బంట్రోతు వచ్చి తాకినంతనే ఇద్దరు కావలివాండ్రు దగ్గరగా జరిగి జంట యగుదురు. అంతట లోపలి భాగములు మేలుకొని ఒకదాని మీద నొకటి ముద్ర వేసికొనును. ఆ ముద్రను చూచి లోపలి గుమాస్తా కదలును. అతడు రెండవ వానిని, రెండవవాడు మూడవవానిని ప్రేరేపించును. ఈ వరుసలో రాస్ అను ప్రోటీను ముఖ్యమైనది. అది దీపము వంటిది. వెలిగించినచో వెలుగును, కొంతసేపటికి తనంతట తానే ఆరును. చివరకు కణము నడుమనున్న కేంద్రకమునకు వార్త చేరును. అచ్చటి దస్త్రములో విభజనకు సంబంధించిన పుటలు తెరువబడును. కణము రెండగును.

ముద్రలు వేయువారున్నట్లే చెరపువారును కలరు. పనియైన గ్రాహకమును కణము లోనికి లాగుకొని జీర్ణము చేసికొనును. రాస్ దీపము ఆరును. ముద్రలు తుడిచివేయబడును. ఆజ్ఞ రద్దగును. పెరుగుమను ఆజ్ఞ యెంత ముఖ్యమో, ఆగుమను ఆజ్ఞయు అంత ముఖ్యము.

ఆ ముద్ర యేమియో వినినచో మీరు సంతోషింతురు. అది ఫాస్ఫేటు. దానిని ఇచ్చునది ఏటీపీ అను ద్రవ్యము. ఈ ఏటీపీని 1929లో లోకమునకు చూపినవారిలో మన భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను ఆచార్యునితో కలిసి వారు ఆ పని చేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును విడిగా దానిని కనుగొనెను. రక్తమున ఫాస్ఫరసును కొలుచుటకు ఫిస్కే, సుబ్బారావుగార్లు 1925లో ప్రకటించిన పద్ధతి వారి పేర్లతోనే ప్రసిద్ధికెక్కినది. తరువాత సుబ్బారావుగారి బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ అను మందుతో బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేసి, కొంతకాలమైనను వ్యాధి తగ్గునని 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఆ మహనీయుడు ఆ 1948లోనే పరమపదించెను. కణము పెరుగుటకు కావలసిన ద్రవ్యమును అందకుండ చేసి వ్యాధిని అణచవచ్చునను భావము ఆ మందునందు కలదు.

ఇప్పుడు ఆజ్ఞ చెడు విధము. 1911లో అమెరికాలో పేటన్ రౌస్ అను వైద్యుడు ఒక కోడి దేహమునందలి గడ్డను నూరి, కణములు పోకుండ వడగట్టి, ఆ తేటను వేరొక కోడికి ఎక్కించెను. ఆ కోడికిని గడ్డ లేచినది. తేటలో నున్నది వైరసు. ఆనాడు ఎక్కువమంది పట్టించుకొనలేదు. 55 సంవత్సరములు గడచి, 1966లో, తన 87వ ఏట రౌస్‌కు నోబెల్ బహుమానము వచ్చినది. అంతకంటె ఆశ్చర్యము 1976లో జరిగినది. ఆ వైరసులో గడ్డను పుట్టించు జన్యువు ఏదియో, అది ఆరోగ్యముగానున్న కోళ్లయందును, ఇతర పక్షులయందును ముందునుండియే ఉన్నదని బిషప్, వార్మస్ అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును నిరూపించిరి. వైరసు ఎన్నడో కోడి దస్త్రమునుండి ఒక పుటను ఎత్తుకొనిపోయి, చెడగొట్టి మరల తెచ్చి అంటించినదన్నమాట. బిషప్, వార్మస్‌లకు 1989లో నోబెల్ బహుమానము లభించినది. ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను: కోడి కథ విని మనుష్యుల క్యాన్సరు అంటురోగమని తలపరాదు. కొన్ని క్యాన్సరులకు వైరసులు కారణమగుట నిజమే; కాని రోగిని తాకినందునను, రోగితో కలిసి భుజించినందునను క్యాన్సరు రాదు. ఆ వేరు గ్లాసు, వేరు కంచము శాస్త్రమునకు విరుద్ధము, ధర్మమునకును విరుద్ధము.

ఆ పిమ్మట రహస్యములు వరుసగా విడిపోయినవి. 1983లో కోతికి గడ్డను పుట్టించు ఒక వైరసులోని జన్యువు వ్రాతను, ప్లేట్‌లెట్ల వృద్ధికారకము వ్రాతను ప్రక్కప్రక్కన పెట్టి సరిచూడగా రెండును ఇంచుమించు ఒక్కటే! లెక్కలు వ్రాయువారికి ఈ ఆనందము తెలియును. రెండు చిట్టాలలోని పద్దులు కలిసినపుడే దొంగ దొరకును. 1984లో మరియొక వైరసు జన్యువును చూడగా, అది తల నరికిన గ్రాహకమని తేలినది. తల లేనందున బంట్రోతు వచ్చెనా రాలేదా అని అది చూడదు. ఎల్లప్పుడును లోపల ముద్రలు వేయుచునే యుండును.

వీనికి ముందు, 1982లో, మనుష్యుని మూత్రాశయపు క్యాన్సరు కణమున రాస్ జన్యువును పరీక్షించిరి. వేలకొలది అక్షరములలో ఒక్క అక్షరము మారినది. దానివలన ఆ ప్రోటీనులో 12వ స్థానముననున్న గ్లైసిన్ అను ద్రవ్యమునకు బదులు వేలిన్ అను ద్రవ్యము వచ్చి చేరినది. అంతే. ఆ దీపమునకు ఆరుట తెలియకుండ పోయినది.

ఒక్క అక్షరముననే ఇంత అనర్థమా యని సందేహింపవలదు. మన పెద్దలు చెప్పు వృత్రాసురుని కథను స్మరింపుడు. కుమారుని కోల్పోయిన త్వష్ట ఇంద్రుని చంపగల వీరుని కోరి హోమము చేసెను. ఇంద్రశత్రువు వృద్ధి పొందుగాక యని ఆహుతి వేసెను. కాని స్వరము తప్పినది. ఇంద్రుని చంపువాడు అను అర్థము పోయి, ఇంద్రునిచే చంపబడువాడు అను అర్థము వచ్చినది. అక్షరములన్నియు అవే, ఉదాత్తము ఒకచోటనుండి ఇంకొక చోటికి జరిగినది. స్వరదోషము యజమానుని కార్యమునకే ముప్పు తెచ్చునని వ్యాకరణ పండితులు చెప్పు ఉదాహరణమిది. ఆ హోమమునందలి కోరికయు వృద్ధియే! మన కణములయందును పెరుగుమను మంత్రము ఒక్క స్వరము తప్పినచో యజమానుని మీదికే తిరుగును.

ఇంతవరకు చెప్పినదానిని క్రోడీకరించినచో ఆజ్ఞ చెడుటకు ముఖ్యముగా నాలుగు త్రోవలు. ఒకటి, కణము తన బంట్రోతును తానే పుట్టించుకొని తనకే తాఖీదు పంపుకొనుట. రెండు, గ్రాహకము వికృతమై, పిలుపు లేకయే మేలుకొనియుండుట. మూడు, గ్రాహకములు లెక్కకు మించి యుండుట. రొమ్ము క్యాన్సరులలో నూటికి 15 నుండి 20 వరకు హెర్-2 అను గ్రాహకము ఇట్లు అధికముగా నుండును. నాలుగు, లోపలి గుమాస్తాలలో ఒకడు, రాస్ వంటివాడు, ఆగకుండుట. వీనితో పాటు గడ్డకు ఆహారము కావలెను గదా! అది వేరొక వృద్ధికారకమును విడిచి చుట్టునున్న రక్తనాళములను తన వైపునకు పిలుచుకొనును.

అయినను ఒక్క తప్పుతోనే క్యాన్సరు రాదు. ఆగుమను ఆజ్ఞలిచ్చు కాపుదారులు కణమున వేరుగా కలరు. దస్త్రము చినిగినచో సరిచేయువారు కలరు. సరిపడనిచో ఆ కణమునే చంపి దేహమును రక్షించు పీ-53 అను కాపుదారుడు కలడు. పెరుగుమను ఆజ్ఞ నిలిచిపోవుట, ఈ కాపుదారులు కూలుట, ఇట్టి తప్పులు అనేకములు ఒకే కణపు వంశమున కూడవలెను. దానికి సాధారణముగా సంవత్సరములు పట్టును. కావుననే వయస్సుతో పాటు ఈ వ్యాధి హెచ్చును. కొన్ని తప్పులు ఎవరి దోషమును లేకయే, కణము తన దస్త్రమునకు నకలు వ్రాసికొనునపుడు పడును. నకలు వ్రాయువాడు ఎంత నేర్పరియైనను ఎచ్చటనో ఒక అక్షరము జారును. ఇందు పాపమెక్కడ? శాపమెక్కడ?

కొన్ని తప్పులను మాత్రము మనము చేజేతుల తెచ్చుకొందుము. వానిలో పొగాకు మొదటిది. మన శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో, ముఖ్యముగా పెద్దవయస్సు స్త్రీలలో, చుట్ట వెలిగించి నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకొని త్రాగు అలవాటు కలదు. దానిని అడ్డపొగ అందురు. ఆ వేడియు, ఆ పొగయు నిత్యము అంగిలిని కాల్చుటచే అచ్చట రాచపుండు పుట్టును. అన్యత్ర అరుదైన అంగిలి క్యాన్సరు ఆ ప్రాంతమున అధికముగా కనబడుటకు ఇదియే కారణము. కాలిన చోటు మానుటకు మాటిమాటికి పెరుగుమను ఆజ్ఞ పుట్టుచుండును. పొగలోని విషములు దస్త్రపు అక్షరములను మార్చుచుండును. ఈ రెండును కలిసిన చోట వ్యాధి వేరూనును. ఖైనీయు, గుట్కాయు, జర్దాయు దీనికి తక్కువైనవి కావు.

ఇంక ఆశ కలిగించు సంగతి. తప్పు ఎచ్చట కలదో తెలిసినచో దిద్దుటకు త్రోవ దొరకును. హెర్-2 అధికముగా నున్న రొమ్ము క్యాన్సరు త్వరగా తిరుగబెట్టునని 1987లో డెన్నిస్ స్లామన్ అను వైద్యుడును, ఆయన సహచరులును చూపిరి. ఆ కావలివాని తలకు అడ్డుగా నిలుచునట్టి ట్రాస్టుజుమాబ్ అను మందు 1998లో అమెరికాలో అనుమతి పొందినది. శస్త్రచికిత్స తరువాత రసాయన చికిత్సతో పాటు ఈ మందు ఇచ్చినవారిలో వ్యాధి తిరుగబెట్టుట సుమారు సగము తగ్గెనని 2005లో వెలువడిన పరిశోధనలు తెలిపినవి. ఒకనాడు ఏ లక్షణము అశుభసూచకమో, అదియే నేడు మందునకు గురి యైనది. ఈ మందు కొందరి గుండెను బలహీనపరచును గనుక గుండె పరీక్షలు చేయుచు ఇయ్యవలెను. మన దేశమున తయారైన ఇట్టి మందులును ఇప్పుడు లభించుచున్నవి.

ఒక జాతి రక్తక్యాన్సరునందు లోపలి ముద్రలు వేయు ఏబీఎల్ అను ప్రోటీను ఎల్లప్పుడును మేలుకొనియుండును. దాని చేతికి ఏటీపీ అందకుండ అడ్డుపడు ఇమాటినిబ్ అను మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందినది. కొద్ది సంవత్సరములలో ప్రాణము తీయుచుండిన ఆ వ్యాధి, దినమున కొకసారి మాత్ర వేసికొని, పని చేసికొనుచు బ్రతుకగల వ్యాధిగా ఎక్కువమందికి మారినది. ఆ మందు యొక్క ఒక రూపమునకు పేటెంటు కోరగా మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1వ తేదీన నిరాకరించుటచే, మన కంపెనీలు తక్కువ వెలకు తయారుచేయుట నిరాటంకముగా సాగినది. కొందరి ఊపిరితిత్తుల క్యాన్సరులో చర్మవృద్ధికారకపు గ్రాహకము వికృతమైయుండునని 2004లో తెలిసినది. పొగ త్రాగనివారిలోను, మన ఆసియా ఖండమువారిలోను ఇది అధికము. అట్టి వారికి మాత్రలు పనిచేయును. ఆ వికృతి లేనివారికి అవే మాత్రలు అంతగా పనిచేయవు. 1982లో పట్టుబడిన రాస్ దీపమును ఆర్పు మందు మాత్రము 39 సంవత్సరములకు, 2021లో, అదియు దాని వికృతులలో ఒక్కదానికి మాత్రమే, అనుమతి పొందినది.

ఈ మందులు సంజీవనులు కావు. ఒక త్రోవ మూసినచో వ్యాధికణము వేరొక త్రోవ వెదకును. కొంతకాలము లొంగి, అక్షరము మరల మార్చుకొని తిరుగబడును. దానికి మరియొక మందు కావలెను. కావున నేటికిని మొదటి రక్షణ, గడ్డ చిన్నదిగా నున్నపుడే కనిపెట్టి తీసివేయుటయే. సుశ్రుతుడు చెప్పిన నిప్పురవ్వను మరువరాదు.

సోదర సోదరీమణులారా! ఇంత చెప్పినది పాండిత్యప్రకటనకు కాదు. మన ఊరిలో నాలుగు పనులు జరుగవలెనని.

మొదటిది: నొప్పి లేని గడ్డను నిర్లక్ష్యము చేయరాదు. నొప్పి లేదు గదా, ఏమియు కాదులే యనుకొనుటయే ప్రమాదము; అర్బుదము నొప్పి తక్కువగా గలదని ప్రాచీనులే చెప్పిరి. రొమ్మున గడ్డయైనను, నోట మూడు వారములకు మానని పుండైనను, తెల్లని, ఎర్రని మచ్చయైనను, అకారణముగా రక్తము పోవుటయైనను, గొంతు బొంగురు వీడకుండుటయైనను, వెంటనే వైద్యునకు చూపవలెను.

రెండవది: గడ్డనుండి ముక్క తీసి పరీక్షించుటకు భయపడరాదు. సూది గ్రుచ్చినచో వ్యాధి పాకునను మాట మన ఊళ్లలో బలముగా నాటుకొన్నది. ఆ భయముతో పరీక్ష మానుకొన్నచో, ఏ త్రోవ చెడినదో తెలియదు. తెలియనిచో తగిన మందు ఈయలేరు. రొమ్ము క్యాన్సరు అని తేలినపుడు, హెర్-2 పరీక్ష చేసిరా యని రోగి బంధువులు వినయముతో వైద్యుని అడుగవచ్చును. అడుగుట అవమానము కాదు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియు, విశాఖపట్టణము అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రియు ఇట్టి సేవకై వెలసినవి. పేదరికము అడ్డువచ్చినచో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకములను గూర్చి విచారింపవలెను.

మూడవది: చుట్ట, బీడి, గుట్కాలను విడువవలెను. ఇంటి పెద్దలే విడిచినచో పిల్లలకు ఉపన్యాసము లక్కరలేదు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: రోగిని వేరు చేయరాదు. వారి గ్లాసు మన గ్లాసుతోనే ఉండవలెను. వారి యింటి పిల్లల సంబంధములను ఈ కారణముచే త్రోసిపుచ్చరాదు. కొన్ని వంశములలో కొన్ని క్యాన్సరులు హెచ్చుగా వచ్చుట నిజమే. కాని అవి మొత్తములో స్వల్పభాగము. అట్టి వంశమువారికిని కావలసినది వెలి కాదు, ముందుగా పరీక్ష.

గ్రంథాలయము చేయు మేలు ఏమని ఎవరైన అడిగినచో నేనిట్లు చెప్పుదును. పేరు పలుకుటకు భయపడు వస్తువును పుటలు తెరచి పేరుపెట్టి చూపుటయే అది చేయు మేలు. మన బీరువాలో వైద్య విజ్ఞానమునకు ఒక అరను ప్రత్యేకించి, సులభమైన తెలుగులో వ్రాసిన ఆరోగ్య గ్రంథములను చేర్చి, నెలకొక సాయంకాలము చదువురాని వారికి చదివి వినిపించు ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. ఆ చదువు విన్న ఒక్క తల్లియైనను పైట చాటున దాచిన గడ్డను సకాలమున వైద్యునకు చూపినచో, ఈ ఇరువదియైదు వత్సరముల శ్రమ సార్థకమైనట్లే.

 ఈ గ్రంథాలయము మితమెరిగి, క్రమమెరిగి వృద్ధి పొందుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.